కోతి ఎత్తుకుపోయిన కొబ్బరి చిప్ప

అక్క వంటింట్లోంచి నేను తెచ్చుకున్నది ఒక్క కోరాము. పోయిన వేసవిలో, పరామర్శకి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, అక్క కూతురు బీరువా తలుపులు బార్లా తెరిచి "పిన్నీ, అమ్మవి నీకేం కావాలో తీసుకో" అంది. చీరలున్నాయి, ఊలు శాలువా ఉంది, అక్క పేరు చెక్కించిన స్టీలు గిన్నెలున్నాయి. నేను వంటింట్లోకి వెళ్ళి గ్యాసు బండ వెనక గోడకి ఆనించి ఉన్న కోరాము తీసుకున్నాను. చిన్న చెక్క పీట, దాని ముందు వంగిన ఇనప పట్టీ, ఆ పట్టీ కొసన రూపాయి బిళ్ళంత వెడల్పున పళ్ళు. పీట మీద కాలు మడిచి కూర్చుని కొబ్బరి చిప్పని ఆ పళ్ళకి ఆనించి తిప్పుతుంటే కింద పళ్ళెంలోకి తెల్లటి కోరు రాలుతుంది. అది మా నాయనమ్మది. ఆమె తర్వాత అమ్మకి, అమ్మ తర్వాత అక్కకి వచ్చింది. పాత పేపర్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వస్తున్నా ఆ చెక్కలోంచి వాసన వస్తూనే ఉంది. అచ్చంగా కొబ్బరి వాసనా కాదు, బెల్లం వాసనా కాదు. ఆ రెండూ ఏళ్ళ తరబడి ఒకే చెక్కలోకి ఇంకితే వచ్చే వాసన. ఇంటికొచ్చి దాన్ని అటక మీద పెట్టేశాను. డిసెంబరు వచ్చాక దించాను.

మా చిన్నప్పుడు మేం విజయవాడ భవానీపురంలో, కృష్ణకి రెండు వీధుల ఇవతల, ఒక పొడవాటి డాబా ఇంట్లో ఉండేవాళ్ళం. ఇల్లు ఒకటే, వాటాలు రెండు. ఒక వాటాలో మేం, రెండో వాటాలో రాజ్యం అత్తవాళ్ళు. పంపు ఒకటే, పెరడు ఒకటే, పైకి వెళ్ళే మెట్లు ఒకటే. నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీలు చేసేవాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ డ్యూటీలోనో నిద్రలోనో ఉండేవారు కాబట్టి ఇంటినీ, అక్కనీ, నన్నూ నడిపేది నాయనమ్మే. మిషన్ బడిలో ముప్ఫయ్యేళ్ళు చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. నేను మూడో క్లాసుకి వచ్చేసరికి ఆమె రెండు కళ్ళకీ పొర కమ్మింది. మనుషుల్ని అడుగుల చప్పుడుతో, కూరల్ని వాసనతో, బియ్యంలో రాళ్ళని వేళ్ళతో పోల్చుకునేది. నాన్న ఆపరేషన్ చేయిద్దామంటే "క్రిస్మస్ వెళ్ళనీరా" అనేది. క్రిస్మస్ వెళ్ళాక "ఈస్టరు వెళ్ళనీరా" అనేది.

రాజ్యం అత్తవాళ్ళది బందరు వైపు. మామయ్య అక్కణ్ణుంచి చేపలు తెప్పించి ఇక్కడి మార్కెట్లో వేసేవాడు. ఆయన సైకిలు సందు మలుపు తిరగ్గానే ఆయనకంటే ముందు వాసన ఇంటికి చేరేది. అత్త మనిషి సన్నం, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. శుక్రవారం శుక్రవారం కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చేది. మార్గశిర మాసంలో ప్రతి లక్ష్మివారం ఇంట్లో పూజ చేసి కొబ్బరికాయలు కొట్టేది. మార్గశిరం ఎక్కువగా డిసెంబర్లోనే వస్తుంది. అంటే మా క్రిస్మస్ పనులూ ఆవిడ లక్ష్మివారాలూ ఒకే పెరట్లో, ఒకే పంపు దగ్గర, ఒకదాన్నొకటి తప్పుకుంటూ నడిచేవి.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. దేవుళ్ళ ముందు నైవేద్యం పెట్టినది మేం తినకూడదు. నాయనమ్మ దాని గురించి ఎవరితోనూ వాదించేది కాదు, ఎవరి పూజనీ తక్కువ చేసి మాట్లాడేది కాదు, కానీ తను మాత్రం తప్పేది కాదు. రాజ్యం అత్తకి ఆ సంగతి తెలుసు. తెలిసి చిన్నబుచ్చుకోకుండా ఒక దారి కనిపెట్టింది. చవితికి ఉండ్రాళ్ళు వండినా, దసరాకి పులిహోర కలిపినా, దేవుడి గదిలోకి వెళ్ళకముందే మా వాటా ఒక గిన్నెలోకి తీసి మూత పెట్టేది. ఆవిడ అత్తగారు మంచం మీంచి సణిగేది.

"దేవుడికంటే ముందు పక్కింటోళ్ళకా? ఎక్కడి ఆచారమే ఇది?"

"తీసిపెట్టానంతే అత్తయ్యా, తినమన్లేదుగా. దేవుడు తిన్నాకే వాళ్ళకి ఇస్తున్నా."

పూజ అయ్యాక గిన్నె తెచ్చి పెరటి గుమ్మంలో నుంచుని ప్రతిసారీ అదే మాట అనేది. "పిన్నిగారూ, ముందే తీశానండీ." నాయనమ్మ జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "నాకు తెలుసులేవే." కార్తీకమాసం నెల్లాళ్ళూ మామయ్య చేపలు అమ్మేవాడే గాని తినేవాడు కాదు. ఆ నెల్లాళ్ళూ మా ఇంట్లో చేపల వేపుడు ఉండేది కాదు. మా పొయ్యి దగ్గరి కిటికీ వాళ్ళ వసారాలోకి తెరుచుకుంటుంది. ఈ సంగతి నాయనమ్మ ఎవరికీ చెప్పలేదు. కార్తీకం వెళ్ళిన మర్నాడు వేపుడు చేస్తే మాకే అర్థమయ్యింది.

డిసెంబరు మొదటి వారం నుంచి పొద్దున్నే కృష్ణ మీద మంచు పట్టేది. డాబా ఎక్కితే నీళ్ళు కనపడేవి కావు, కొండ కనపడేది కాదు, కొండ మీది మైకు మాత్రం వినపడేది. ఎండెక్కేకొద్దీ మొదట కొండ, తర్వాత తాటిచెట్లు, చివరికి నది బయటపడేవి. బడికి క్రిస్మస్ సెలవులివ్వగానే నాన్న వెదురు బద్దలు తెచ్చేవాడు. వాటితో అక్క నక్షత్రం కట్టేది. గుమ్మం పక్కన గడ్డితో పశువుల పాక కట్టి అందులో కొండపల్లి బొమ్మలు నిలబెట్టేవాళ్ళం. గొర్రెలకాపరి బొమ్మ దొరక్క, తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మని చెట్టు ఊడదీసి పెట్టాం. వాడు ఏళ్ళ తరబడి రెండు చేతులూ గాల్లోకి చాచి, ఏదో ఎక్కబోతున్నట్టే బాలయేసు ముందు నిలబడ్డాడు. అరిసెలు, కజ్జికాయలు, జంతికలు అమ్మా నాయనమ్మా కలిసి వండేవాళ్ళు. కొబ్బరి లౌజు మాత్రం నాయనమ్మ సొంతం. క్రిస్మస్ ఆరాధన అయ్యాక సంఘంలో అందరికీ పంచేది ఆ లౌజే. గుళ్ళో జనం "గ్రేసు నాయనమ్మ లౌజు" అని అడిగి మరీ తీసుకునేవాళ్ళు. గ్రేసు మా అక్క పేరు. నా పేరు రూతు. నా పేరుతో నాయనమ్మని ఎవరూ పిలవరని నాకు లోపల కాస్త కష్టంగా ఉండేది.

లౌజు చేయడం ఏమంత విద్య కాదు. కొబ్బరి కోరు, బెల్లం, నాలుగు యాలకులు, చేతికి రాసుకునేంత నెయ్యి, అంతే. కానీ నాయనమ్మకి తన పద్ధతులుండేవి. కొట్టిన చిప్పలు వెంటనే కోరేది కాదు. ఒక పూట డాబా మీద ఎండలో పెట్టేది. చెమ్మ కాస్త లాగితే కోరు పొడిపొడిగా వస్తుందనీ, లౌజు నాలుగు రోజులు నిలవుంటుందనీ అనేది. కోరేటప్పుడు నల్ల చెక్కు దగ్గరికి రాగానే ఆపేసేది. ఆ మిగిలిన పొర పచ్చడికి. కొట్టినప్పుడు చెంబులో పట్టిన నీళ్ళు పిల్లలకి, పీచు అంట్లకి, ఖాళీ చిప్పలు వేన్నీళ్ళ పొయ్యికి. బెల్లం కరిగాక గుడ్డలో వడగట్టి ఇసుకంతా తీసేసేది. ఆ తర్వాత అసలు ఘట్టం, పాకం. మరుగుతున్న పాకాన్ని ఒక చుక్క నీళ్ళ పళ్ళెంలో వేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి. జారిపోతే ఇంకా రాలేదని అర్థం. గట్టిపడిందంటే ముదిరిపోయినట్టు. నాయనమ్మకి ఆ చుక్క పళ్ళెంలో ఎక్కడ పడిందో కనపడటం మానేశాక ఆ పని అక్క చేతికి వచ్చింది. రెండేళ్ళు అక్కే పాకం చూసింది.

ఆ ఏడు నాయనమ్మ అంది: "ఈసారి పాకం రూతు చూస్తుంది."

"దీనికి ముక్కు చీదుకోవడమే రాదు, పాకం చూస్తుందా?" అంది అక్క.

"నీకూ వచ్చేది కాదులే. చూడు రూతూ, డాబా మీద చిప్పలకి కాపలా సరిగ్గా కాస్తే పాకం నీదే. ఒక్క చిప్ప తగ్గినా మీ అక్కదే."

పది కాయలు, ఇరవై చిప్పలు. నాయనమ్మ స్వయంగా చేట్లో బోర్లించకుండా పేర్చి, వేళ్ళతో తడిమి లెక్కపెట్టి నాకు అప్పగించింది. కొండ మీంచి కోతులు మా వీధి దాకా వచ్చేవి. నా చేతికి ఒక కర్ర ఇచ్చి "గట్టిగా అరువు. కర్ర విసరొద్దు, మీద పడతాయి" అని చెప్పింది. డాబాకి రెండో కొసన రాజ్యం అత్త చేట ఉంది. ముందురోజు లక్ష్మివారం పూజలో కొట్టిన చిప్పలు, కొబ్బరిపొడికని ఎండబెట్టింది. ఒక్కొక్క చిప్పలో తెల్లటి కొబ్బరి మీద ఎర్రటి కుంకుమ బొట్టు. నేను రెండు చేటలకీ మధ్యలో నీడ చూసుకుని కూర్చున్నాను. గంటసేపు నాలాంటి కాపలాదారు విజయవాడలో లేదు.

అప్పుడు కింద వసారాలోంచి అక్క గొంతు వినపడింది. "ఒసేయ్ రూతూ, ఎర్ర కాగితం చాల్లేదు. ఒక కొనకి పచ్చది అంటించేస్తున్నా!"

నక్షత్రానికి ఒక కొన పచ్చగానా? నేను కర్ర పడేసి మెట్లన్నీ దిగి, ఒద్దని ఏడ్చి, కాగితం చించి, మైదా జిగురు గిన్నె తన్నేసి, మళ్ళీ మెట్లెక్కి వచ్చేసరికి పిట్టగోడ మీద ఒక పెద్ద కోతి కూర్చుని ఉంది. దాని చేతిలో మా చిప్ప. అది నా వైపు చూసింది, చిప్ప వైపు చూసింది, ఇంకో ముక్క కొరికి, ఏ తొందరా లేకుండా పక్క డాబా మీదికి దాటుకుంది.

లెక్కపెట్టాను. పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ పంతొమ్మిదే.

అప్పుడు నేను చేసిన పని తెలియక చేసింది కాదు. అత్త చేటలోంచి ఒక చిప్ప తీశాను. లోపలి కుంకుమ బొట్టుని గౌను అంచుతో గట్టిగా తుడిచాను. తెల్లగా అయ్యిందని తృప్తిగా చూసి మా చేటలో మధ్యన పెట్టాను. దాన్ని తిప్పి వెనక చూడాలని ఎనిమిదేళ్ళ బుర్రకి తట్టలేదు. కొట్టేముందు కాయకి బయట పెట్టిన బొట్టు పెంకు మీద అలాగే ఉంది.

మధ్యాహ్నం నాయనమ్మ చేట ముందు కూర్చుని వేళ్ళతో లెక్కపెట్టింది. "పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. బాగా కాశావే!" నా తల నిమిరింది. ఆ తర్వాత ఈ కోరాము మీదే కూర్చుని ఇరవై చిప్పలూ తనే కోరింది. కళ్ళతో పని లేదు ఆమెకి. చెక్కు దగ్గరికి రాగానే చప్పుడు మారుతుందట, అక్కడ ఆపేది. అక్క ఒక పక్క బెల్లం కొడుతోంది. నేను ఖాళీ చిప్పలు ఒక మూల పడేస్తున్నాను. తర్వాత పొయ్యి ముందు నన్ను పీట మీద నిలబెట్టారు.

"ఉండ కట్టిందా?"

"జారిపోతోంది నాయనమ్మా."

"ఇప్పుడు?"

"కట్టింది! కట్టింది!"

"గట్టిగానా, మెత్తగానా? సరిగ్గా చెప్పు."

నాకు పోలిక దొరకలేదు. పక్కనే ఉన్న అక్క చెవి పట్టుకుని నొక్కి చూశాను. "అక్క చెవి తమ్మెలా ఉంది" అన్నాను. నాయనమ్మ నవ్వు ఆపుకోలేక గరిటె పట్టుకునే ఊగిపోయింది. "అదే పాకం! కోరు పోయవే గ్రేసూ, తమ్మె ముదిరిపోతుంది!" కోరు పడగానే చుయ్యిమని ఆవిరి లేచి వంటిల్లంతా ఆ వాసన నిండింది. కలిపి, కలిపి, గిన్నె అంచుల్ని వదిలేదాకా కలిపి, నాయనమ్మ చిటికెడు తీసి చల్లార్చుకుని, కళ్ళు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసుకుని నోట్లో వేసుకుంది. మంచినీళ్ళు తాగినా అలా ప్రార్థన చేసుకునే తాగేది. "కుదిరింది" అంది.

సరిగ్గా అప్పుడే రాజ్యం అత్త తన చేట ఎత్తుకుని డాబా దిగి పెరటి గుమ్మంలోకి వచ్చింది. "పిన్నిగారూ, మా చాటలో ఒక చిప్ప తగ్గిందండీ. కోతి గాని..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆవిడ చూపు మూలనున్న ఖాళీ చిప్పల మీద పడింది. నా చూపూ అక్కడికే వెళ్ళింది. పైనే ఉన్న ఒక పెంకు మీద, మూడు కళ్ళ పక్కన, ఎర్రటి బొట్టు.

ఆవిడ ఊరుకోవచ్చు. నాయనమ్మకి కనపడదు. ఆ పెంకు తీసి కొంగులో దాచుకుని వెళ్ళిపోతే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నేను ఆవిడ మొహంలోకి చూస్తూ అదే కోరుకున్నాను. అత్త చేట కింద పెట్టింది. లోపలికి వచ్చి నాయనమ్మ చేతి మీద చెయ్యి వేసింది.

"పిన్నిగారూ, ఒక్క నిమిషం చెయ్యి ఆపండి. ఇందులో మా లక్ష్మివారం చిప్ప పడిందండీ. ముందే తీసింది కాదు."

నాయనమ్మ పొయ్యి ఆపింది. "ఎవరు పెట్టారు?" అంది. కోపంగా కాదు, క్లాసులో అడిగినట్టు అడిగింది.

అక్క నా వైపు చూసింది. తర్వాత నా గౌను అంచు వైపు చూసింది. తెల్ల గౌను మీద ఎర్రటి మరక. అక్కకి అప్పుడు పన్నెండేళ్ళు.

"నేనే నాయనమ్మా. కోతి ఒకటి ఎత్తుకుపోయింది. రూతు కిందకి వచ్చినప్పుడు నేను పైకెళ్ళా. తక్కువైతే నువ్వు తిడతావని వాళ్ళ చాటలోది పెట్టేశా."

"కోతి ఎత్తుకుపోతే తప్పు కాదే. లెక్క సరిపెట్టడం తప్పు" అంది నాయనమ్మ. "ఈ క్రిస్మస్‌కి నువ్వు లౌజు ముట్టుకోవద్దు. చేత్తోనూ, నోటితోనూ."

అక్క తల ఊపింది. నాయనమ్మకి తల ఊపడం కనపడదని గుర్తొచ్చి "అలాగే" అంది. నేను మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది ఆ క్షణంలోనే. ఒక క్షణం దాటాక రెండోది ఇంకా కష్టమైంది.

"పిన్నిగారూ, మీరు అప్పుడే నోట్లో..." అంది అత్త భయంగా.

"వేసుకున్నాను. ప్రార్థన చేసుకునే వేసుకున్నాను కదా, నా సంగతి ఆయన చూసుకుంటాడులే. కానీ తెలిసి తెలిసి సంఘానికి పెట్టలేను రాజ్యం. ఈ గిన్నె మీ ఇంటికి పట్టుకుపో. మీ పిల్లలు తింటారు." కొంగుతో చేతులు తుడుచుకుని "ఇంక ఈ ఏటికి లేదనుకుంటా. మళ్ళీ పది కాయలు కోరే ఓపిక లేదు" అంది.

అప్పుడు రాజ్యం అత్త చేసిన హడావుడి ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. గిన్నె తీసుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టి, పెరట్లోంచే మామయ్యని కేకేసింది. "ఏవండీ! లేవండి! బజారెళ్ళి పది కాయలు పట్రండి. కొట్టనివి, పీచుతో సహా!" మధ్యాహ్నం నిద్రలోంచి లేచిన మామయ్య ఎందుకో కూడా అడక్కుండా సైకిలెక్కాడు. అరగంటలో వచ్చాడు. కాయలన్నీ చేపల బుట్టలో ఉన్నాయి.

"అయ్యో రామా! ఆ బుట్టలోనా?" అని తల బాదుకుంది అత్త.

"ఇంకెందులో తెమ్మంటావ్? పల్లకీలోనా?"

నాయనమ్మ వాసన పట్టేసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇవి ఇలాగే వండితే మా గుళ్ళో అయ్యగారు ప్రసంగం ఆపి బందరు రేవెక్కడని అడుగుతారు" అంది. అప్పటిదాకా అందరి గుండెల మీదా ఉన్న బరువు ఆ మాటతో దిగిపోయింది. అందరం పంపు దగ్గర కూర్చుని కాయలకి బూడిద రాసి కడిగాం. మామయ్య గట్టు మీద ఠపీ ఠపీమని కొట్టాడు. ఎండలో పెట్టే వ్యవధి లేదు కాబట్టి నాయనమ్మ తన పద్ధతి మొదటిసారి తప్పి పచ్చివే కోరుదామంది. వాళ్ళింట్లో కోరాము కూడా తెచ్చారు. నాయనమ్మా అత్తా పక్కపక్కన పీటలేసుకుని కోరుతుంటే రెండు కోరాముల చప్పుడు ఒకటి ఆగితే ఒకటి అందుకున్నట్టు నడిచింది. వాళ్ళ అత్తగారు గుమ్మంలో మంచం వేయించుకుని అటూ ఇటూ సలహాలు పారేసింది. బెల్లం చాలకపోతే వాళ్ళ దిమ్మ వచ్చింది, యాలకులు వాళ్ళవి, నెయ్యి మాది. అత్త పెద్ద గొంతుతో వాళ్ళ పుట్టింటివైపు తుఫాను కబుర్లు చెబుతూ, తెల్ల కోరు ముంజేతుల దాకా అంటించుకుని, "పిన్నిగారూ, నా చెయ్యి పడితే పర్లేదుగా?" అని మధ్యలో అడిగింది. "నీ చెయ్యి పడితేనే ఇది అవుతుందే" అంది నాయనమ్మ.

ఈసారి కూడా పాకం నేనే చూశాను. అక్క వసారాలో నక్షత్రానికి ఒక్కతే కాగితం అంటిస్తోంది. నొక్కి చూడటానికి చెవి పక్కన లేదు. ఉండ కట్టిందని చెప్పాను, అంతే.

క్రిస్మస్ నాడు గుళ్ళో పళ్ళెం తీసుకుని వరసల మధ్య తిరిగింది కూడా నేనే. "ఈసారి ఇంకా బాగుందండీ, ఏం కలిపారు?" అని ఎవరో అడిగితే నాయనమ్మ నవ్వి ఊరుకుంది. అయ్యగారు రెండు తీసుకున్నారు. బెంచీ చివర కూర్చున్న అక్క దగ్గరికి పళ్ళెం వచ్చినప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. నేను నా వాటాకి వచ్చిన వాటిలో రెండు తిన్నాను. మిగతా నాలుగూ రేకు పెన్సిళ్ళ డబ్బాలో దాచాను. భోజనాలయ్యాక, అమ్మా నాన్నా పడుకున్నాక, అక్కని డాబా మీదికి తీసుకెళ్ళి డబ్బా తెరిచాను.

అక్క కాసేపు డబ్బాలోకే చూసింది. "నీకొద్దా?" అంది. వద్దన్నాను. కొండ వైపు తిరిగి కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి, చాలా నెమ్మదిగా, నాలుగూ తినేసింది.

"బాగున్నాయా?" అన్నాను.

"ఊఁ. పాకం కొంచెం ముదిరింది" అంది.

ఆ తర్వాత ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. నాయనమ్మ మరుసటి వేసవిలో కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంకో తొమ్మిది క్రిస్మస్‌లు లౌజు చేసింది. అక్క పెళ్ళయి గుడివాడ వెళ్ళింది, నేను ఉద్యోగం చేసుకుంటూ విజయవాడలోనే ఉండిపోయాను. ప్రతి డిసెంబర్లో అక్క నుంచి ఒక స్టీలు డబ్బా వచ్చేది, నిండా లౌజు. మూత తీసినప్పుడల్లా, చేతులు వెనక్కి పెట్టుకుని తల అడ్డంగా ఊపిన పన్నెండేళ్ళ పిల్ల గుర్తొచ్చేది. చెప్పాలనుకున్నాను. చిన్నప్పటి మాట, ఏముందిలే అనుకున్నాను. ఆసుపత్రిలో చివరి వారం అక్క పక్కనే కూర్చున్నాను. అప్పుడు కూడా మందుల గురించి, ఫ్యాను స్పీడు గురించి మాట్లాడుకున్నాం.

ఈ డిసెంబర్లో స్టీలు డబ్బా రాదు. అందుకని కోరాము దించాను. మోకాళ్ళు మడవడం కష్టమైంది. రెండు కాయల కోరుకే నడుము పట్టేసింది. పాకం చుక్క నీళ్ళలో వేసి కూడదీసి, పక్కనెవరూ లేక నా చెవి తమ్మే నొక్కి చూసుకున్నాను. కుదిరింది. చిన్న డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కి భవానీపురం వెళ్ళాను.

ఆ పొడవాటి ఇల్లు లేదు. ఆ స్థలంలోనే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. మూడో అంతస్తులో కొడుకు దగ్గర రాజ్యం అత్త ఉంటోంది. మామయ్య లేడు. బాల్కనీకి వలలు కట్టారు, కోతులు రావట. కోరాము ఉందా అని అడిగితే కోడలు ఫ్రిజ్‌లోంచి కోరు ప్యాకెట్ తీసి చూపించింది. అత్త ఇంకా సన్నబడింది. గొంతు మాత్రం అదే. లౌజు ఒకటి నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ కూర్చుంటే, నేను ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆ చిప్ప పెట్టింది నేనని, అక్క కాదని, నా మూలాన అక్క ఆ క్రిస్మస్‌కి లౌజు లేకుండా గడిపిందని.

అత్త ముందు తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

"గ్రేసా? లౌజు లేకుండానా? నీ మొహం! క్రిస్మస్ నాడు మీరంతా గుడి నుంచి రాగానే పెరటి దారిన మా ఇంట్లోకొచ్చేసింది. మీ నాయనమ్మ పంపిన గిన్నెలో ఇంకా సగం ఉందిగా. మా అత్తగారి మంచం వెనక నక్కి కూర్చుని తిందే బాబూ, పదకొండు! కడుపునొప్పొస్తుందేమోనని నేను లెక్కెట్టా. 'నాయనమ్మ వద్దంది గదే' అంటే, 'నాయనమ్మ వద్దంది లౌజు అత్తా, ఇది మీ ప్రసాదం' అంటుందా! ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు కూడా వేయించుకుంది."

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. నాయనమ్మ వింటే ఏమనేదో ఊహించడానికి ప్రయత్నించాను గాని, నా చెవులకి అత్త నవ్వే వినపడుతోంది.

బయల్దేరుతుంటే ఆవిడ గోడ పట్టుకుని నడిచి వెళ్ళి లోపల్నుంచి పాలిథిన్ కవర్లో ఒక కొబ్బరికాయ తెచ్చింది. "నిన్న లక్ష్మివారం. ఇదుగో, ముందే తీశా" అంది. ఎవరి కోసం తీసిందో నేను అడగలేదు. నేనొస్తానని ఆవిడకి తెలియదు.

ఆటోలో కాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి లక్ష్మివారం ఆవిడ ఒక కాయ అలా తీసి పెడుతూనే ఉందేమో అనిపించింది. కొండ పక్కనుంచి వస్తుంటే డాబా మీది ఆ మధ్యాహ్నం ఇంకోలా కనపడింది. అక్క డబ్బాలోకి అంతసేపు ఎందుకు చూసిందో, అంత నెమ్మదిగా ఎందుకు తిన్నదో తెలిసింది. అప్పటికే పదకొండు తిని వచ్చిన పిల్ల, చెల్లెలు దాచి తెచ్చిందని, ఎదురుగా కూర్చుని చూస్తోందని, ఆ నాలుగూ కూడా తింది.